గంపలో పెట్ట, పెరట్లో పుంజు
కోడిపిల్లల వర్తకంలో పెట్టకొక ధర, పుంజుకొక ధర ఏర్పడాలి

ఎండలు తగ్గి తొలకరి పడగానే పెరటి కోడిపిల్లల బేరాలు ఊపందుకోవడం ఏటా ఉన్నదే. పిల్లలను పొదిగించే కేంద్రం నుంచి టోకున తెచ్చేవాడొకడు, సంతకు చేర్చేవాడొకడు, సైకిలు వెనుక గంప కట్టుకొని ఊరూరా తిరిగే మారుబేరగాడొకడు. సరకు మూడు చేతులు మారి పెరటి గుమ్మానికి వస్తుంది. అక్కడ కొనే గృహిణి అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇందులో పెట్టలెన్ని?" గంపవాడి జవాబు కూడా ఒక్కటే: "అన్నీ పెట్టలేనమ్మా. మహా అయితే ఒక పుంజుంటుంది."

మూడు నెలలు తిరిగేసరికి ఆ పెరట్లో తెల్లవారుజామున ఒక కూత వినబడుతుంది. నాలుగు రోజులకు రెండోది, వారానికి మూడోది. పది పిల్లలు కొని గుడ్ల మీద ఆశ పెట్టుకున్న ఇంట్లో ఆరు పుంజులు తేలితే ఆ బేరాన్ని ఏమనాలి? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇక్కడ తిరగబడింది. కూతురనుకొని పేరు పెట్టుకుంటే కొడుకు పుట్టాడు. దోషం కోడిపిల్లలో లేదు. ఏ సరకో తెలియని దానికి తెలిసినట్లు ధర కట్టిన బేరంలో ఉన్నది.

గంప లెక్క

కోడిజాతిలో పిల్ల ఆడదా మగదా అన్నది నిర్ణయించేది పెట్టే గాని పుంజు కాదు. పుంజు నుంచి ఒకే రకం బీజం వస్తుంది. పెట్ట నుంచి రెండు రకాలు రాగలవు, అవి సగం సగంగా వస్తాయి. గుడ్డు పెట్టేనాటికే ఈ సంగతి తేలిపోయి ఉంటుంది. ఆ తరువాత 21 రోజుల పొదుగులో వేడి హెచ్చినా తగ్గినా పుంజు పెట్టగా మారదు. మొన తేలిన గుడ్డులో పుంజు, గుండ్రని గుడ్డులో పెట్ట అనే మాట పల్లెల్లో ఈనాటికీ వినబడుతుంది గాని, దాన్ని నమ్మి సరకు కొన్న వర్తకుడు బాగుపడడు.

సగం సగం అంటే ప్రతి గంపలో అయిదుకు అయిదు వస్తాయని అర్థం కాదు. వర్తకులు గమనించవలసిన లెక్క ఇది. ఆడ మగ ఏరని సరకు నుంచి పది పిల్లలను చేతికందినట్లు తీస్తే, సరిగ్గా అయిదు పెట్టలు, అయిదు పుంజులు వచ్చే అవకాశం నాలుగు గంపల్లో ఒక దానికి మాత్రమే. ఏడు గాని, అంతకు మించి గాని పుంజులే వచ్చే అవకాశం సుమారు ఆరు గంపల్లో ఒకటి. ఇక పదికి పది పెట్టలే వచ్చే అవకాశం 1024 గంపల్లో ఒకటి. "అన్నీ పెట్టలే" అనే గంపవాడు ఇస్తున్నది ఈ 1024లో ఒకటవ వంతు హామీ.

ఈ తేడా ఇంటి లెక్కలో ఎంతో చూడవచ్చు. నాటు పెట్ట ఏడాదికి 60 గుడ్లు పెడుతుందనుకుంటే, పదీ పెట్టలైతే 600 గుడ్లు. అయిదైతే 300. ఏడు పుంజులు తేలిన గంపలో మిగిలిన మూడింటి నుంచి 180. ఇందులో గద్ద తన్నుకుపోయేది, ముంగిస పట్టేది, రాణిఖెత్ తెగులుకు పోయేది లెక్కలో లేదు. అదే ధర, అదే నూకలు, అదే తవుడు, రాబడి మాత్రం మూడో వంతు కంటే తక్కువ.

ఒక్కరోజు సరకు

పిల్లకు ఒక్కరోజు వయసులోనే బేరం ఎందుకు తెగాలి అని ఎవరైనా అడగవచ్చు. అందుకు కారణమున్నది. పగిలిన గుడ్డు నుంచి బయటకు వచ్చే ముందు పిల్ల మిగిలిన పచ్చసొనను కడుపులోకి లాగుకుంటుంది. దాని బలంతో రెండు మూడు రోజులు మేత, నీరు లేకుండా తట్టుకోగలదు. అట్టపెట్టెలలో రైలు మీద, బస్సు మీద దూరాలకు పంపగలగడం ఈ గడువులోనే సాధ్యం. గడువు దాటితే దాణా, వేడి, టీకా ఖర్చులు వర్తకుడి నెత్తిన పడతాయి. అందుచేత సరకు ఏమిటో తెలియని వయసులోనే సరకు చేతులు మారిపోతుంది.

తెలుసుకునే విద్య లేకపోలేదు. పిల్ల తోక కింది భాగాన్ని వేలితో విప్పి చూసి ఆడ మగ చెప్పే పద్ధతిని జపాన్ వారు 1920లు, 30లలో అభివృద్ధి చేసి ప్రపంచానికి నేర్పారు. ఆరితేరిన చేతికి నూటికి 95కు పైగా సరిపోతాయి. రంగును బట్టి చెప్పే సంకరాలున్నాయి. ఎర్రని రోడ్ ఐలాండ్ పుంజును, చారల ప్లిమత్ రాక్ పెట్టను జత చేస్తే పుట్టే పిల్లల్లో మగవాటికి నెత్తిన తెల్లని మచ్చ కనబడుతుంది, ఆడవాటికి ఉండదు. రెక్క ఈకల పొడవును బట్టి మొదటి రోజునే చెప్పగల వంశాలను కూడా తయారు చేశారు. అయితే అవి అందుకోసం ఏరి కూర్చిన వంశాలు. సంతలో నాటు పిల్ల రెక్క విప్పి చూసి తలపంకించే బేరగాడికి ఆ రెక్క ఏమీ చెప్పదు.

గుడ్ల కోళ్ళ కేంద్రాలలో ఈ విద్య నిత్యం నడుస్తుంది. పెట్టపిల్లలు ఫారాలకు పోతాయి. మగ పిల్లలు గుడ్డు పెట్టవు. మాంసానికి పెంచుదామంటే బ్రాయిలరు 6 వారాలకు తూగే బరువును అవి ఎంతో కాలం దాణా తిని గాని తూగవు. కేంద్రానికి అవి అక్కరలేని సరకు. అనేక దేశాలలో వాటిని పుట్టిన రోజునే చంపివేయడం వాడుక. జర్మనీ 2022 జనవరి 1 నుంచి ఆ పనిని చట్టం ద్వారా నిషేధించింది. గుడ్డులో ఉండగానే ఆడ మగ కనిపెట్టే యంత్రాలు అక్కడ వాడుకలోకి వచ్చాయి. మన ప్రాంతంలో వాటిలో కొన్నింటిని కాక్రెల్ పేరుతో పెంచి మాంసానికి అమ్ముతారు. కొన్ని గులాబి, ఆకుపచ్చ రంగులు పూయించుకొని తిరునాళ్ళలో, బడుల ముందు పిల్లల చేతికి చేరుతాయి. ఆ రంగుల గంపలో సగం సగం లెక్క కూడా పనిచేయదు. కేంద్రం ఏరి పారవేసిన మగవి గనుక అందులో దాదాపు అన్నీ పుంజులే. మారుబేరగాడు ఈ గంపను, కలగలుపు గంపను ఒకే మాటతో అమ్మడం వర్తకం అనిపించుకోదు.

గుణం చూసి చెప్పగలరా?

అనుభవం మీద గుణం చూసి చెప్పగలమనే వారు సంతలో కొదవలేదు. చేయి పెట్టగానే ముందుకు వచ్చేది పుంజు, మూలకు పోయేది పెట్ట అంటారు. మెడ నిక్కించి నిలబడేది పుంజు అంటారు. రెండు మూడు వారాల పిల్లలు రొమ్ము విరుచుకొని ఒకదానికొకటి ఎదురు నిలిచి ఎగిరి తన్నుకుంటే, అవి రెండూ పుంజులే అని తేల్చేస్తారు.

ఇందులో కొంత నిజమున్నా బేరానికి చాలినంత లేదు. ఆ వయసులో పెట్టపిల్లలు కూడా తన్నుకుంటాయి. మందలో ఎవరు ముందు, ఎవరు వెనుక అనే వరుస ఏర్పడడానికి ఆ తగవులు అవసరం. కోళ్ళ మందలో ఎవరు ఎవరిని పొడవవచ్చుననే వరుస ఉంటుందని నార్వే దేశస్థుడు షెల్డెరప్ ఎబ్బె 1920లలో వివరించాడు. పెట్టలకు తమ వరుస, పుంజులకు తమ వరుస ఉంటాయి. పైగా జాతి గుణం వేరు. కోస్తా జిల్లాలలో పేరున్న అసిల్ జాతిలో పెట్టపిల్లలకు కూడా పట్టుదల ఎక్కువ. అది చూసి పుంజనుకొని అమ్ముకున్న వాడు మంచి పొదుగు పెట్టను పోగొట్టుకున్నట్లే. అదే తెల్ల లెగ్‌హార్న్ పిల్ల ఆడైనా మగైనా చేతికి దొరకకుండా పరుగెడుతుంది. ఆ భయాన్ని చూసి పెట్ట అనుకుంటే మరో పొరపాటు.

నిజం తన సమయానికి తానే బయటపడుతుంది. అయిదారు వారాలకు పుంజుపిల్ల నెత్తి మీది జుట్టు, గడ్డం కింది తమ్మెలు పెరిగి ఎరుపెక్కుతాయి. పెట్టపిల్లలో అవి ఇంకా చిన్నగా, పాలిపోయి ఉంటాయి. మూడో నెల వచ్చేసరికి మెడ మీద, నడుము మీద మొన తేలిన నిగనిగలాడే ఈకలు పుంజుకు వస్తాయి. పెట్టకు ఆ ఈకలు గుండ్రని కొసలతో ఉంటాయి. కూత కొన్నింటికి మూడో నెలలో, కొన్నింటికి నాలుగు అయిదు నెలలకు వస్తుంది. అంటే ఒక్కరోజు పిల్లకూ రెండు నెలల పిల్లకూ మధ్య ధరలో తేడా ఉంటే, అందులో దాణా ఖర్చు, చావుల తరుగు పోను మిగిలేది ఆడ మగ తెలియడానికి చెల్లించే ధర. ఈ ధరను దాచకుండా బయట పెట్టడమే వర్తకులు చేయవలసిన పని.

అనుకోని పుంజుల వల్ల నష్టం ఎంత?

పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది. ఇది కొనే వారిలో చాలామందికి తెలియదు. తినడానికి, అమ్మడానికి గుడ్లు చాలుననుకునే ఇంటికి పుంజే అక్కరలేదు. పిల్లలను పొదిగించుకోదలచిన ఇంటికి ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు సరిపోతుంది. అయిదు పెట్టల మీద అయిదు పుంజులుంటే మొదట దెబ్బతినేది పెట్టలు. వాటి వీపు మీద ఈకలు ఊడిపోతాయి, చర్మం చీలుతుంది. మేత దగ్గరకు రానివ్వక తరిమితే గుడ్లు తగ్గుతాయి. పుంజులు తమలో తాము పోరాడుకొని గాయపడితే సంతలో ధర పడిపోతుంది.

మరొక నష్టం ఇంటి మనుషులకే. పిల్లలు ముద్దు చేసి చేతిలో గింజలు తినిపించి ఒడిలో పెంచిన పుంజు, మనిషంటే భయం పోగొట్టుకుంటుంది. వయసు వచ్చాక ఆ మనిషినే తనకు పోటీదారుగా భావించి ఎగిరి కాలి ముల్లుతో కొడుతుంది. దూరంగా మసలిన పుంజు తన దారిన తాను పోతుంది. నిన్నటి దాకా చంకన ఎక్కినది నేడు పసిపిల్లవాడి మొహం మీదికి ఎగిరిందని ఇంటివారు ఆశ్చర్యపోతారు. పెట్ట అనుకొని గారాబం చేసిన ఇళ్ళలో ఇది ఎక్కువగా జరగడంలో వింత లేదు. ముందుగా తెలిసి ఉంటే అంత చేరదీసేవారు కారు.

అలాగని పుంజు పనికిమాలినది కాదు. గద్ద నీడ పడితే ఒక రకంగా, కుక్కో పిల్లో నేల మీద వస్తే మరో రకంగా అరచి మందను హెచ్చరిస్తుంది. గింజ దొరికితే తాను తినక పెట్టలను పిలిచి చూపే పుంజులున్నాయి. నిలుపుకోదలచిన వారు అన్నింటికంటే పెద్దదాన్ని, అన్నింటినీ కొట్టేదాన్ని ఎంచుకోవడం పరిపాటి. పెట్టలను మేతకు పిలిచేదాన్ని, మనిషి వస్తే తప్పుకొని నిలబడేదాన్ని ఎంచుకుంటే మంద నెమ్మదిగా ఉంటుంది. మిగిలినవి నాలుగో నెల నుంచి సంతకు చేరవలసిన సరకు.

పుంజుకు గిరాకీ ఎక్కడ?

గుడ్డుకు రోజూ ధర ప్రకటన ఉన్నది. 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ఆ పని చేస్తున్నది. బ్రాయిలరుకు కూడా రోజువారీ ధర తెలుస్తుంది. పెరటి పుంజుకు మాత్రం ధర లేదు. గుమ్మం ముందు ఒక మాట, సంతలో ఒక మాట, పండుగ ముందురోజు మరో మాట.

అయినా గిరాకీకి లోటు లేదు. ఆషాఢంలో బోనాలకు, దసరాకు, సంక్రాంతి వెళ్ళిన కనుమకు, ఊరి అమ్మవారి జాతరలకు పుంజునే కోరి కొంటారు. పిందె మొక్కు తీర్చుకునేవారు దెబ్బ తగలని, ఈక ఊడని పుంజుకు బేరమాడరు. కార్తీకంలో మాంసం మానే ఇళ్ళు ఎక్కువ గనుక గిరాకీ మందగిస్తుంది. తొలకరికి దిగిన పిల్ల కార్తీకం నాటికి నాలుగైదు నెలల పుంజవుతుంది. తెలియక ఆ నెలలోనే సంతకు తెచ్చిన ఇల్లాలు మారుబేరగాడు చెప్పిన ధరకు ఇచ్చి పోతుంది. అతడు దాన్ని కనుమ దాకా ఆపి లాభం తీస్తాడు. ఆపడానికి దాణా ఖర్చు అతడిదే గనుక ఆ లాభాన్ని తప్పు పట్టడానికి లేదు. కాని గడువు సంగతి ఇద్దరికీ తెలిసిన బేరం వేరు, ఒకరికే తెలిసిన బేరం వేరు.

పందెం పుంజుల ధరలు చెప్పి పుంజుపిల్లలను అమ్మజూపే వారి సంగతి ఇక్కడ పేర్కొనవలసి ఉన్నది. జంతువులను పోరాటానికి ఉసిగొల్పడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. పందెం కాయడం 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కిందికి వస్తుంది. చట్టం మాట అటుంచినా, డేగ, కాకి, నెమలి అని రంగు పేర్లు పెట్టి ఏళ్ళ తరబడి మేపిన పుంజు ధరను గంపలో దొరికిన పిల్లకు అంటగట్టడం కొనుగోలుదారును మోసగించడమే. అటువంటి గిరాకీని ఖాతాలో రాసుకొని సరకు తెచ్చిన వర్తకుడు నష్టపోతే జాలిపడవలసినది లేదు.

వర్తకుల వాదన

గంపవాళ్ళ వాదన కూడా వినదగినదే. పిల్ల మీద మిగిలేది కొద్ది పైసలు, రూపాయలు. దారిలో చచ్చేవి చస్తాయి. "సగం పుంజులే రావచ్చు" అని నిజం చెబితే గృహిణి పక్క గంపకు పోతుంది. అక్కడివాడు "అన్నీ పెట్టలే" అని అమ్ముకుంటాడు. నిజం చెప్పినవాడు సరకు మోసుకొని ఇంటికి పోవాలి. ఏరిన పెట్టపిల్లలు తెమ్మంటే కేంద్రం ధర దాదాపు రెట్టింపు పలుకుతుంది, ఆ ధర పల్లెలో ఎవరిస్తారని వారి ప్రశ్న.

ఈ మాటకు జవాబు మిగిలిన సరకుల బజార్లలోనే ఉన్నది. గుంటూరు యార్డులో మంచి మిరప నుంచి తాలు వేరు చేస్తారు. తాలుకూ ధర ఉన్నది, కొనేవారున్నారు. పసుపులో కొమ్ములకొక ధర, కాయకొక ధర. తాలును మంచి కాయలో కలిపి అమ్మేవాడికి ఒక రోజు లాభమే గాని రెండో ఏడు అతడి బస్తా విప్పి చూడనిదే ఎవరూ కొనరు. కోడిపిల్లను విప్పి చూసినా లోపలి సంగతి తెలియదు గనుక ఇక్కడ మాట విలువ ఇంకా ఎక్కువ.

పైగా పుంజు తాలు కాదు. సరైన జాతిని తెస్తే పుంజు కూడా రాబడే. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన రకాలలో గ్రామప్రియ ప్రధానంగా గుడ్లకు, వనరాజా గుడ్లకూ మాంసానికీ కూడా ఉద్దేశించినవి. వనరాజా గంపలో ఆరు పుంజులు తేలిన ఇల్లు బరువు రూపంలో ఆ లోటును కొంత పూడ్చుకోగలదు. గుడ్ల జాతి మగపిల్లలు తేలిన ఇంటికి ఆ దారి లేదు. ఏ జాతి పిల్లో కూడా చెప్పకుండా అమ్మే గంపవాడు కొనుగోలుదారుకున్న రెండో ఆధారాన్ని కూడా తీసివేస్తున్నాడు.

చేయవలసినది

ఇందుకు కొత్త చట్టాలు అక్కరలేదు. మొదటిది, ఏరని సరకును "కలగలుపు" అని పిలిచి ఆ ధరకే అమ్మాలి. పదికి అయిదు అటూ ఇటూ అని నోటితో చెప్పాలి. రెండవది, కేంద్రంలో ఏరిన పెట్టపిల్లలను అమ్మేటప్పుడు నూటికి ఎన్ని తప్పవచ్చునో టోకు వర్తకుడు చీటీ మీద రాయించుకోవాలి. మూడవది, రెండు నెలలు పెంచి, ఆడ మగ స్పష్టపడి, టీకాలు పడిన పిల్లలను వేరే సరకుగా, వేరే ధరకు నిలపాలి. పల్లెలో ఆ ధర ఇవ్వరనే మాట పరీక్షించకుండా అంటున్నది. ఆరు పుంజులు ఒకసారి చూసిన ఇల్లు ఇస్తుంది.

నాలుగవది అన్నింటికంటే ముఖ్యం. పిల్లలు అమ్మిన గంపవాడే నాలుగో నెలలో పుంజులను తూకం మీద తిరిగి కొంటానని అమ్మేనాడే మాట ఇవ్వాలి. అతడికి సంత తెలుసు, పండుగ తెలుసు, కాటా ఉన్నది. గృహిణికి ఆ మూడూ లేవు. తిరిగి కొనవలసిన వాడు "అన్నీ పెట్టలే" అని అనడు. అంటే ఆ అబద్ధాన్ని తానే తూచుకొని డబ్బు చెల్లించాలి. పండుగ సరకు కోసం ఊళ్ళు తిరగకుండా, ఏ ఇంట్లో ఎన్ని పుంజులున్నాయో అతడికి ముందే తెలిసిపోతుంది.

పెరటి కోళ్ళ మీద వచ్చే డబ్బు చాలా పల్లెల్లో ఆడవారి చేతి డబ్బు. మగవారి లెక్కల్లోకి రాని ఆ రొక్కంతోనే పిల్లల పుస్తకాలు, జ్వరానికి మందులు, చుట్టం వస్తే కాఫీపొడి కొనుగోలవుతాయి. 600 గుడ్లు అనుకున్న చోట 180 వస్తే తగ్గేవి ఇవి. ఒక ఏడు దెబ్బ తిన్న ఇల్లాలు రెండో ఏడు తొలకరికి గంపవాడి కేక విని తలుపు దగ్గరకు వస్తుందా రాదా అన్నదానిమీద ఈ వర్తకం నిలవడం, నిలవకపోవడం ఆధారపడి ఉన్నది. గంపలు మళ్ళీ బయలుదేరక ముందే టోకు వర్తకులు ఈ విషయమై ఒక మాట మీదికి రావడం మంచిది.